సాగర సాహసి మిహిర్ సేన్

సముద్రాన్ని దాటడమనే మాట వినగానే తెలుగువారికి హనుమంతుడు గుర్తుకు వస్తాడు. నూరు యోజనాల సాగరాన్ని లంఘించిన ఆ మహావీరుని కథలో మనం తరచు మరచిపోయే ఘట్టం ఒకటి ఉంది. తన బలం తనకే తెలియని స్థితిలో కూర్చున్న హనుమంతునికి ఆ బలాన్ని గుర్తుచేసి, ప్రయాణానికి పురికొల్పినవాడు జాంబవంతుడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఒడ్డున కళ్లలో వత్తులు వేసుకొని ఎదురుచూసినవారు తక్కిన వానరులు. కడలిని దాటినది ఒక్కడే అయినా, ఆ కార్యంలో పలువురి పాలు ఉంది. ఆధునిక కాలంలో ఈ సత్యాన్ని మనకు చక్కగా తెలియజెప్పే జీవితం మిహిర్ సేన్‌ది. ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదిన తొలి భారతీయుడాయన. 1966వ సంవత్సరంలో ఒకే ఏట ఐదు సుప్రసిద్ధ జలమార్గాలను ఈది ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినవాడు కూడా ఆయనే.

ఊరి చెరువులో ఈదడం వేరు, సముద్రంలో ఈదడం వేరు. చెరువులో అవతలి గట్టు కంటికి కనిపిస్తుంది. అలసినవాడు మెట్టు పట్టుకొని సేదదీరవచ్చు. సముద్రంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎదుట తీరం కనిపించినా, ప్రవాహం ప్రతికూలమైతే ఎంత ఈదినా అది దగ్గరకు రాదు. చలి, అలలు, చీకటి, సముద్రజీవులు, అన్నింటినీ మించి ఒంటరితనం ఈతగాణ్ని పరీక్షిస్తాయి. అందుచేత సముద్రాన్ని ఈదదలచినవాడు నీటిలోకి దిగకముందే ఒడ్డున చేయవలసిన పని ఎంతో ఉంటుంది. ఆటుపోట్ల వేళలు తెలిసిన నావికుడు కావాలి. వెంట నడిచే పడవ కావాలి. ఆహారం అందించే మనిషి, ఈతను నిష్పక్షపాతంగా గమనించే పరిశీలకుడు కావాలి. వీటన్నింటికీ ధనం కావాలి. మిహిర్ సేన్ గొప్పతనం ఆయన భుజబలంలో ఎంత ఉన్నదో, ఈ సన్నాహాలలో చూపిన పట్టుదలలోనూ అంతే ఉంది.

మిహిర్ సేన్ 1930వ సంవత్సరం నవంబరు 16వ తేదీన బెంగాల్ ప్రాంతపు పురూలియాలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. తల్లి లీలావతి. పిల్లలకు మంచి చదువు చెప్పించాలనే తపనతో ఆ కుటుంబం ఒడిశాలోని కటక్ పట్టణానికి తరలివచ్చింది. అప్పటికి మిహిర్ వయస్సు ఎనిమిదేళ్లు. తండ్రికి వైద్యవృత్తి ఉన్నా, ఆ సంపాదన కుటుంబ అవసరాలకు చాలేది కాదు. తల్లి పాలు, కోడిగుడ్లు అమ్మి సంసారాన్ని నెట్టుకువచ్చింది. బిడ్డల చదువు కోసం ఆమె పడిన శ్రమ మిహిర్ మనస్సులో చెరగని ముద్ర వేసింది. చేతిలో లేనిదాని కోసం దిగులుపడక, ఉన్నదానితో పని మొదలుపెట్టే గుణం ఆయనకు తల్లి నుంచే వచ్చిందనడంలో అతిశయోక్తి లేదు.

ఉత్కళ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన మిహిర్‌కు ఇంగ్లండు వెళ్లి బారిస్టరు కావాలనే కోరిక కలిగింది. అందుకు తగిన ఆర్థిక స్తోమత ఆ కుటుంబానికి లేదు. ఆ సమయంలో, తరువాతి కాలంలో ఒడిశా ముఖ్యమంత్రి అయిన బిజూ పట్నాయక్ ఆ యువకునికి ఆసరాగా నిలిచాడు. 1950లో మిహిర్ ఓడలో మూడవ తరగతి టిక్కెట్టుతో ఇంగ్లండుకు బయలుదేరాడు. అప్పుడు ఆయన దగ్గర ఉన్నవి ఒక పెట్టె, పది పౌండ్లు మాత్రమే. లండన్‌లో రాత్రివేళ రైల్వేస్టేషనులో కూలిపని చేశాడు. తరువాత భారత హైకమిషన్ కార్యాలయమైన ఇండియా హౌస్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. పగలు ఉద్యోగం, తీరిక వేళల్లో చదువు. ఈ విధంగా లింకన్స్ ఇన్ అనే ప్రఖ్యాత న్యాయవిద్యా సంస్థలో శిక్షణ పూర్తిచేసుకొని, 1954లో బారిస్టరు అయ్యాడు. ఇంగ్లండులోనే బెల్లా అనే యువతిని వివాహం చేసుకొన్నాడు.

ఆ రోజులలోనే ఒకనాడు ఆయన పత్రికలో ఫ్లారెన్స్ చాడ్విక్ అనే అమెరికన్ మహిళను గురించి చదివాడు. ఆమె 1950లో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు, మరుసటి ఏడు ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు ఛానెల్‌ను ఈదింది. ఆ వార్త మిహిర్‌ను కదిలించింది. స్వాతంత్ర్యం పొంది కొద్దికాలమే అయిన తన దేశానికి ఇటువంటి కీర్తి ఎందుకు రాకూడదనే ఆలోచన ఆయనను వెంటాడసాగింది. అయితే ఆయన అప్పటికి చెప్పుకోదగ్గ ఈతగాడు కాడు. స్థానిక వై.ఎం.సి.ఏ. ఈతకొలనులో చేరి, బారలు వేసి ముందుకు సాగే ఆధునిక ఈత పద్ధతిని మొదటినుంచి నేర్చుకొన్నాడు. ఇరవయ్యేళ్లు దాటిన తరువాత, ఒకవైపు బతుకుతెరువు చూసుకొంటూ, ఒక కళను అక్షరాభ్యాసం వలె ప్రారంభించడం సామాన్య విషయం కాదు.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ ఉన్న ఇంగ్లీషు ఛానెల్, డోవర్ దగ్గర అత్యంత ఇరుకుగా ఉంటుంది. అక్కడ దాని వెడల్పు 21 మైళ్లు. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ అనే ఆంగ్లేయుడు దానిని 21 గంటల 45 నిమిషాలలో మొట్టమొదటగా ఈదాడు. దూరం 21 మైళ్లే అయినా, ఏ ఈతగాడూ తిన్నగా పోలేడు. సుమారు ఆరు గంటలకొకసారి పోటు, ఆటు మారుతూ నీరు ఈతగాణ్ని ఒకసారి ఒక పక్కకు, మరొకసారి ఇంకొక పక్కకు లాగుతుంది. అందుచేత అతడు పాము నడకవలె వంకరలు తిరుగుతూ చాలా ఎక్కువ దూరం ఈదవలసి వస్తుంది. వేసవిలో కూడా నీరు చల్లగా ఉంటుంది. 1927లో ఏర్పడిన ఛానెల్ ఈత సంఘం ఈ సాహసానికి నియమాలు రూపొందించింది. ఈతగాడు వెంట వచ్చే పడవను గాని, మనుషులను గాని తాకకూడదు. ఆహారాన్ని నీటిలో ఉండే అందుకోవాలి. పరిశీలకుడు ఆద్యంతం గమనించి ధ్రువీకరించాలి.

ఆ కాలంలో ఛానెల్ ఈత ఒక పోటీగా కూడా రూపుదిద్దుకొంటున్నది. 1950లో డైలీ మెయిల్ పత్రిక అక్కడ అంతర్జాతీయ పోటీని నిర్వహించింది. తరువాత విహారకేంద్రాల యజమాని బిల్లీ బట్లిన్ 1953 నుంచి 1959 వరకు అటువంటి పోటీలకు పోషకుడుగా నిలిచాడు. సముద్రంలో పోటీ పెట్టడం మైదానంలో పరుగుపందెం పెట్టడంవంటిది కాదు. పాల్గొనే ప్రతి ఈతగానికీ వేరువేరుగా పడవ, నావికుడు, పరిశీలకుడు ఉండాలి. వాతావరణం అనుకూలించే రోజు కోసం అందరూ కాచుకొని కూర్చోవాలి. ఆటుపోట్ల లెక్క చూసి అర్ధరాత్రి అయినా సరే పోటీ ప్రారంభించాలి. 1958 ఆగస్టులో జరిగిన పోటీలో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రజేన్ దాస్ అనే బెంగాలీ యువకుడు పురుషులలో ప్రథముడుగా నిలిచాడు.

మిహిర్ సేన్ ఛానెల్‌ను తొలి ప్రయత్నంలోనే జయించలేదు. కొన్నిసార్లు విఫలుడై వెనుదిరగవలసి వచ్చింది. ఓడిన ప్రతిసారీ మళ్లీ పడవ అద్దె సమకూర్చుకోవాలి, మళ్లీ అనుకూలమైన వాతావరణం కోసం వేచి ఉండాలి. చాలీచాలని సంపాదనతో బతికే యువకునికి ఇది ఎంతటి భారమో ఊహించవచ్చు. చివరకు 1958 సెప్టెంబరు 27న ఆయన డోవర్ తీరం నుంచి నీటిలోకి దిగి, 14 గంటల 45 నిమిషాలు ఈది, ఫ్రాన్సు తీరం చేరుకొన్నాడు. ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదిన మొదటి భారతీయుడుగా చరిత్రకెక్కాడు. మాతృదేశం ఆయనకు ఘనస్వాగతం పలికింది. 1959లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది.

తాను నడిచిన బాటలో మరికొందరు నడవాలని కోరుకోవడం ఉత్తముల లక్షణం. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో పన్నెండేళ్లయినా నిండకుండానే పాల్గొన్న కలకత్తా బాలిక ఆరతి సాహా, ఛానెల్‌ను ఈదాలని సంకల్పించింది. బ్రజేన్ దాస్ ఆమె పేరును బట్లిన్ పోటీ నిర్వాహకులకు సూచించాడు. మిహిర్ సేన్ ఆమెను ప్రోత్సహించాడు. 1959 ఆగస్టు 27న ఫ్రాన్సు తీరం నుంచి పోటీ మొదలైంది. అయితే ఆరతికి దారి చూపవలసిన పడవ వేళకు రాలేదు. ఆమె నలభై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరవలసి వచ్చింది. ఆ కాస్త ఆలస్యంతో అనుకూలమైన ప్రవాహం చేజారిపోయింది. గంటల తరబడి ఈది ఇంగ్లండు తీరానికి కొద్ది మైళ్ల దూరం వరకు వెళ్లిన ఆమెకు, ఎదురుపోటు అడ్డుపడింది. విధిలేక ఈత విరమించింది. కాని నిరాశ చెందక నెలరోజులకే, సెప్టెంబరు 29న మళ్లీ ప్రయత్నించి, 16 గంటల 20 నిమిషాలలో ఛానెల్‌ను ఈది, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళగా పేరుపొందింది. ఒడ్డున జరిగిన చిన్న లోపం నీటిలోని వారికి ఎంత పెద్ద శిక్ష అవుతుందో ఆరతి తొలి ప్రయత్నం తెలియజేస్తుంది.

స్వదేశానికి తిరిగివచ్చిన మిహిర్ సేన్ కలకత్తాలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. ఛానెల్ విజయంతో తృప్తిపడి ఆయన హాయిగా కాలం గడపవచ్చు. కాని ఆయన దృష్టి మన దేశపు సొంత సముద్రం మీదికి మళ్లింది. భారతదేశానికీ, ఆనాడు సిలోన్ అని పిలిచే శ్రీలంకకూ నడుమ ఉన్న పాక్ జలసంధిని ఈదాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. రామసేతువుగా ప్రజలు భావించే ఇసుకదిబ్బలు, రాతితిప్పలు ఉన్న ప్రాంతమది. లోతు తక్కువైన చోట్ల నీరు వడిగా పారుతుంది. ప్రవాహాల దిశ ఊహకు అందదు. సొరచేపలు, సముద్రసర్పాలు సంచరించే చోటు కూడా. ఇంగ్లండులోవలె అక్కడ ఈతగాళ్లను నడిపించే అనుభవం గల నావికులు లేరు. ఏళ్ల తరబడి తయారైన నియమాలూ, లెక్కలూ లేవు. ప్రతిదీ మొదటినుంచి సమకూర్చుకోవాలి.

ఆ మార్గాన్ని పరిశీలించి, ప్రవాహాలను లెక్కగట్టి, వెంట నడవగల సామర్థ్యం భారత నౌకాదళానికి మాత్రమే ఉంది. అందుకు అయ్యే ఖర్చు 45,000 రూపాయలు. ఆ రోజులలో అది సామాన్యమైన మొత్తం కాదు. పైగా దేశ పరిస్థితులు కూడా అనుకూలంగా లేవు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. వర్షాలు లేక కరవు పీడిస్తున్నది. తిండిగింజల కోసం దేశం విదేశాల వైపు చూస్తున్నది. అటువంటి సమయంలో ఒక వ్యక్తి ఈతకు ధనం వెచ్చించడం సమంజసమా అనే ప్రశ్న ఎవరికైనా కలుగుతుంది. అయితే కష్టకాలంలోనే జాతికి ఆత్మవిశ్వాసం అవసరమని మిహిర్ సేన్ నమ్మకం. ఆయన దాతలను ఆశ్రయించాడు. కలకత్తా నుంచి వెలువడే స్టేట్స్‌మన్ పత్రిక ముందుకు వచ్చి తోడ్పడింది. తక్కిన మొత్తం 1966 జనవరిలో ప్రధానమంత్రి పదవి చేపట్టిన ఇందిరాగాంధీ చొరవతో సమకూరింది. ఆ మార్చిలోనే నౌకాదళాధిపతి అయిన అడ్మిరల్ అధర్ కుమార్ ఛటర్జీ సహకారం అందించాడు. సుకన్య, శారద అనే రెండు నౌకలు ఈతగానికి తోడుగా నడవడానికి సిద్ధమయ్యాయి.

1966 ఏప్రిల్ 5వ తేదీన మిహిర్ సేన్ సిలోన్‌లోని తలైమన్నార్ వద్ద నీటిలోకి దిగాడు. గమ్యం మన దేశపు కొసన ఉన్న ధనుష్కోటి. అది ఒకప్పుడు ఓడలు, రైళ్లు, యాత్రికులతో కళకళలాడిన రేవు. 1964 డిసెంబరులో వచ్చిన పెనుతుఫానులో ఆ పట్టణం సమూలంగా ధ్వంసమయింది. ప్రయాణికులతో సహా ఒక రైలు సముద్రం పాలయింది. ఆ విషాదం జరిగి ఏడాదిన్నర అయినా కాలేదు. అంతమందిని పొట్టన పెట్టుకొన్న ఆ సముద్రాన్నే ఒక మనిషి రెండు చేతులతో ఈదుకొంటూ వస్తున్నాడు. పగలు గడిచింది, రాత్రి గడిచింది. నౌకాదళం వారి కళ్లు ఆయనను విడవలేదు. ఏప్రిల్ 6వ తేదీన, 25 గంటల 36 నిమిషాల ఈత తరువాత, మిహిర్ సేన్ ధనుష్కోటి చేరుకొన్నాడు. శిథిలాలు తప్ప మరేమీ మిగలని ఆ తీరానికి అది ఒక కొత్త జ్ఞాపకం. పాక్ జలసంధిని ఈదిన తొలి భారతీయుడుగా ఆయన కీర్తి నలుదెసలా వ్యాపించింది.

ఈ విజయం మరిన్ని విజయాలకు నాంది అయింది. అయితే విదేశాలలో ఈదాలంటే విదేశీ ద్రవ్యం అవసరం. 1966 జూన్‌లో రూపాయి విలువను తగ్గించారు. అంతకుముందు 4 రూపాయల 76 పైసలుగా ఉన్న అమెరికన్ డాలరు విలువ 7 రూపాయల 50 పైసలు అయింది. ప్రయాణం బరువు ఒక్కసారిగా పెరిగినా ఆయన వెనుకంజ వేయలేదు. ఆగస్టు 24న ఐరోపా, ఆఫ్రికా ఖండాల నడుమ ఉన్న జిబ్రాల్టర్ జలసంధిని 8 గంటల 1 నిమిషంలో ఈదాడు.

సెప్టెంబరు 12న టర్కీలోని డార్డనెల్స్ జలసంధిలో దిగాడు. 1810లో ఆంగ్లకవి బైరన్ ఈదినది దీనినే. అయితే బైరన్ ఈదినది వెడల్పును. మిహిర్ సేన్ ఈదినది సుమారు నలభై మైళ్ల నిడివిని. గల్లిపోలి నుంచి సముద్రముఖం వరకు 13 గంటల 55 నిమిషాలలో ఈది, ఆ నిడివిని ఈదిన మొదటి వ్యక్తిగా పేరుపొందాడు. సెప్టెంబరు 21న ఆసియా, ఐరోపాలను వేరుచేసే బాస్ఫరస్‌ను నాలుగు గంటలలో ఈదాడు.

చివరిది పనామా కాలువ. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను కలిపే ఈ కాలువ పొడవు సుమారు 50 మైళ్లు. ఇందులో ఎక్కువ భాగం సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉన్న మంచినీటి సరస్సు, కొండను తొలిచిన ఇరుకుదారి. ఉప్పునీటిలో తేలినంత సులువుగా శరీరం మంచినీటిలో తేలదు. మహానౌకలు రాకపోకలు సాగించే మార్గం కాబట్టి అధికారుల అనుమతి లేనిదే ఎవరూ దిగడానికి వీలులేదు. 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ యాత్రికుడు పది రోజులపాటు విడతలవారీగా ఈ కాలువను ఈదినప్పుడు, ఆయనను కూడా ఒక ఓడగా లెక్కించి, బరువును బట్టి 36 సెంట్ల సుంకం వసూలు చేశారు. మిహిర్ సేన్ అక్టోబరు 29న ప్రారంభించి 31వ తేదీకి, మొత్తం 34 గంటల 15 నిమిషాలు ఈది ఆ కాలువను జయించాడు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఏడు నెలలలో ఐదు జలమార్గాలను ఆయన ఈదాడు. 1967లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ పురస్కారాన్ని ప్రదానం చేసింది.

కీర్తి వచ్చిన తరువాత కూడా మిహిర్ సేన్ ఒడ్డున చేయవలసిన పనిని మరచిపోలేదు. సాహసం చేయాలనే కోరిక యువకులలో ఉన్నా, తోడ్పడే సంస్థ లేకపోతే అది కోరికగానే మిగిలిపోతుందని ఆయనకు స్వానుభవం వల్ల తెలుసు. అందుకే ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ ఆఫ్ ఇండియా అనే సంస్థను నెలకొల్పి, సాహసయాత్రల పట్ల యువతరానికి ఆసక్తి కలిగించడానికి కృషిచేశాడు. వృత్తిపరంగా న్యాయవాదిగా ప్రారంభించి, పట్టువస్త్రాల ఎగుమతి వ్యాపారంలో కూడా రాణించాడు.

అయితే ఆయన జీవితపు చివరి అంకం విషాదభరితమైనది. వ్యాపారం దెబ్బతిన్నది. సంపద కరిగిపోయింది. ఆరోగ్యం క్షీణించింది. అల్జీమర్స్, పార్కిన్‌సన్స్ వ్యాధులు ఆయనను కుంగదీశాయి. ఒకప్పుడు ఏ అలకూ లొంగని చేతులు వణికాయి. ఐదు జలమార్గాల ఆనుపానులు ఎరిగిన మనస్సు నుంచి జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. జేజేలు పలికిన లోకం క్రమంగా ఆయనను మరచిపోయింది. 1997 జూన్ 11వ తేదీన, 66వ ఏట మిహిర్ సేన్ కన్నుమూశాడు. ఆయన కీర్తిని తలచుకొని గర్వించే మనం, ఆయన చివరి రోజులను తలచుకొని కొంత సిగ్గుపడవలసి ఉంటుంది. సాహసిని నీటిలోకి పంపేటప్పుడు ఒడ్డున మనుషులు ఉండాలన్నది ఎంత నిజమో, అతడు అలసి తిరిగివచ్చినప్పుడు కూడా ఒడ్డున మనుషులు ఉండాలన్నది అంతే నిజం.

మిహిర్ సేన్ ఈదిన దారి మూతపడలేదు. పాక్ జలసంధిని తరువాతి కాలంలో అనేకులు ఈదారు. 2021లో హైదరాబాదుకు చెందిన తెలుగు మహిళ గోలి శ్యామల శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి వరకు ఈదింది. అప్పటికి ఆమె వయస్సు నలభైయేళ్లు దాటింది. ఈతను ఆలస్యంగా నేర్చుకొన్నవారికి సముద్రం అందరానిది కాదని మిహిర్ సేన్ చూపిన సత్యానికి అది మరొక నిదర్శనం.

విద్యార్థులు ఈ జీవితం నుంచి గ్రహించవలసింది కేవలం ధైర్యం కాదు. ధైర్యం చాలామందికి ఉంటుంది. ఆ ధైర్యానికి తగిన సన్నాహం చేసుకోగల ఓర్పు కొందరికే ఉంటుంది. ధనం లేకపోతే అడగడానికి మిహిర్ సేన్ సంకోచించలేదు. తెలియని విద్యను మొదటినుంచి నేర్చుకోవడానికి చిన్నతనంగా భావించలేదు. ఓడినప్పుడు సముద్రాన్ని నిందించక, మరొకసారి పడవను సిద్ధంచేసుకొన్నాడు. తాను గట్టెక్కిన తరువాత వెనుకవచ్చేవారికి చేయూతనిచ్చాడు. మనలో ప్రతి ఒక్కరూ సముద్రాన్ని ఈదలేకపోవచ్చు. కాని ఈదేవానికి వేళకు పడవను చేర్చడం, అతడు తిరిగివచ్చేదాకా ఒడ్డున వేచి ఉండడం మాత్రం మనందరికీ సాధ్యమే.